మాతృరక్షకుడు సెమ్మెల్‌వైస్

ఇంట శిశువు జన్మించుట ఏ దేశమందైనను, ఏ కాలమందైనను పండుగయే. బిడ్డ మోము చూడగానే తల్లి తాను పడిన బాధను మరచును. కాని పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా ఖండపు మహానగరములలోని ప్రసూతి ఆసుపత్రులలో ఆ పండుగ వెనుక మృత్యువు పొంచి యుండెడిది. ప్రసవమైన రెండు మూడు దినములలో బాలింతకు చలితో కూడిన తీవ్రజ్వరము వచ్చుచుండెను. కడుపు ఉబ్బి, భరింపరాని నొప్పి పుట్టుచుండెను. వారము గడవకముందే ఆ తల్లులలో పెక్కుమంది కన్ను మూయుచుండిరి. కొన్ని సమయములలో శిశువు కూడ తల్లి వెంటనే పోవుచుండెను.

ఈ వ్యాధికి సూతికాజ్వరమని పేరు. దాని కారణము ఎవ్వరికిని నిశ్చయముగా తెలియదు. గాలి చెడినదని కొందరును, ఋతువుల మార్పని కొందరును, స్త్రీల భయమే కారణమని మరికొందరును చెప్పుచుండిరి. వ్యాధి వైద్యుని చేతి నుండియే వచ్చుచున్నదని కనుగొని, దానిని అరికట్టు సులభమార్గమును చూపి, ఆ సత్యమును చాటుటలో తన జీవితమునే ధారపోసిన మహనీయుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్.

హంగరీ దేశమున డాన్యూబు నదికి ఒక గట్టున బుడా నగరమును, రెండవ గట్టున పెస్ట్ నగరమును ఉండెడివి. ఆ రెండును 1873లో ఏకమై బుడాపెస్ట్ అయ్యెను. సెమ్మెల్‌వైస్ బుడా నగరమున 1818వ సంవత్సరము జులై 1వ తేదీన జన్మించెను. తండ్రి యోసెఫ్ పచారీ సరకుల వర్తకుడు. తల్లి పేరు తెరెజియా. వారి పదిమంది సంతానములో ఇగ్నాజ్ అయిదవవాడు. కుటుంబమునకు కలిమి కొరవడలేదు.

కుమారుడు న్యాయశాస్త్రము చదువుటకై 1837లో వియన్నా నగరమునకు పోయెను. ఆ కాలమున హంగరీ ఆస్ట్రియా చక్రవర్తి యేలుబడిలో నుండెను. వియన్నా ఆ సామ్రాజ్యమునకు రాజధాని. ఒక యేడు గడచునప్పటికి అతని మనస్సు న్యాయశాస్త్రము నుండి మరలి వైద్యశాస్త్రముపై నిలిచెను. 1844లో అతడు వైద్యపట్టమును పొందెను. వియన్నా వైద్యవిద్యాలయము అప్పుడు ఐరోపాలో మిక్కిలి ప్రసిద్ధి గాంచినది. శవపరీక్షల ద్వారా రోగముల మూలములను శోధించిన రొకిటాన్స్కీ, రోగి గుండెను ఊపిరితిత్తులను పరీక్షించుటలో దిట్టయైన స్కోడా, చర్మవ్యాధులలో నిపుణుడైన హెబ్రా అక్కడి ఆచార్యులు. ఏ మాటనైనను పరీక్షించి చూడక నమ్మరాదను గుణము సెమ్మెల్‌వైసునకు వారి సాహచర్యము వలననే అలవడెను. అతడు ప్రసూతివైద్యమును తన వృత్తిగా ఎన్నుకొని, 1846లో వియన్నా సర్వజన వైద్యశాలలోని ప్రసూతి విభాగమున ఆచార్య క్లైన్ కడ సహాయ వైద్యుడుగా చేరెను.

ఆ ప్రసూతి విభాగమున రెండు శాఖలుండెను. మొదటి శాఖలో వైద్యవిద్యార్థులు శిక్షణ పొందుచుండిరి. రెండవ శాఖలో మంత్రసానులు శిక్షణ పొందుచుండిరి. రెండును ప్రక్క ప్రక్కనే యున్నవి. ఒకనాడు వచ్చిన గర్భిణులను మొదటి శాఖలోను, మరునాడు వచ్చినవారిని రెండవ శాఖలోను చేర్చుకొనుచుండిరి. అందుచేత రెండు శాఖలకు వచ్చువారిలో తేడా యేమియు లేదు. వారందరు నగరములోని నిరుపేద స్త్రీలే.

కాని మరణములలో గొప్ప తేడా యుండెను. 1846లో మొదటి శాఖలో 4,010 మంది ప్రసవింపగా 459 మంది తల్లులు మరణించిరి. రెండవ శాఖలో 3,754 మంది ప్రసవింపగా 105 మంది మరణించిరి. అనగా మొదటి దానిలో నూటికి పదకొండుగురు, రెండవ దానిలో నూటికి ముగ్గురు లోపు. ఈ సంగతి నగరమంతటికిని తెలిసియే యుండెను. తమ వంతు మొదటి శాఖకు వచ్చినదని తెలియగానే గర్భిణులు మోకరిల్లి, చేతులు జోడించి, తమను రెండవ శాఖకు పంపుమని విలపించుచుండిరి. ఆసుపత్రి చేరకముందే త్రోవలో ప్రసవించి, బిడ్డను కొంగున చుట్టుకొని వచ్చినవారును కలరు. వింత యేమనగా, వైద్యుని సాయము లేక వీథిలో ప్రసవించిన వారికి ఈ జ్వరము అరుదుగా వచ్చుచుండెను. మెత్తని పడకపై, వైద్యుల పర్యవేక్షణలో ప్రసవించిన వారికే అది తరచుగా వచ్చుచుండెను.

ఈ దృశ్యములు సెమ్మెల్‌వైస్ హృదయమును కలచివేసెను. ఇతరులు విధివశమని సరిపెట్టుకొనినదానిని అతడు సరిపెట్టుకొనలేకపోయెను. గాలియే చెడినచో ఒకే కప్పు క్రింద నున్న రెండు శాఖలలోను సమానముగా చెడవలెను గదా! ఊరంతట వ్యాపించిన అంటువ్యాధియైనచో వీథిలో ప్రసవించిన వారిని అది యేల విడిచిపెట్టును? అతడు చెప్పబడిన కారణములను ఒక్కొక్కటిగా తీసుకొని పరీక్షింప నారంభించెను.

జనసమ్మర్దము కారణమని కొందరనిరి. కాని మొదటి శాఖకు జడిసి స్త్రీలు రెండవ శాఖలోనే క్రిక్కిరిసి యుండిరి; అచ్చటనే మరణములు తక్కువ. ఆహారములోను, వాతావరణములోను భేదము లేదు. రెండవ శాఖలో స్త్రీలను ప్రక్కకు తిరిగి పరుండబెట్టి ప్రసవింపజేయుట ఆచారము; మొదటి శాఖలోను ఆ పద్ధతినే ప్రవేశపెట్టి చూచెను. మార్పు కలుగలేదు. మరణించుచున్నవారి కడకు మతాచార్యుడు పోవునప్పుడు ముందొక సేవకుడు గంట వాయించుచు నడచుట కలదు. మొదటి శాఖలో అతడు అనేకమంది బాలింతల పడకల నడుమనుండి పోవలసి యుండెను. ఆ గంటధ్వని విని భయపడి స్త్రీలు జ్వరపడుచున్నారని ఒక వాదము. సెమ్మెల్‌వైస్ ఆ మతాచార్యుని వేడుకొని, వేరు త్రోవన గంట లేకుండ పోవునట్లు చేసెను. అప్పుడును మరణములు తగ్గలేదు. ప్రభుత్వము నియమించిన విచారణసంఘము విద్యార్థుల మోటుతనమే కారణమని తలచి వారి సంఖ్యను సగమునకు తగ్గించెను. కొలదికాలము మరణములు తగ్గినట్లే తోచి మరల పెరిగెను.

అతడు పాత లెక్కల పుస్తకములను తిరుగవేసెను. ఆసుపత్రి 1784లో స్థాపింపబడెను. మొదటి నాలుగు దశాబ్దములలో తల్లుల మరణములు నూటికి ఒకటిని స్వల్పముగా మాత్రమే మించెను. 1823వ సంవత్సరమునకు పిమ్మటనే అవి పెరిగెను. వైద్యవిద్య ఎంత వృద్ధి చెందెనో, మరణములును అంత వృద్ధి చెందినట్లు లెక్కలు చెప్పుచుండెను. మరియొక విషయమును అతడు గమనించెను. నొప్పులు ఒక దినమునకు మించి కొనసాగి, ప్రసవము ఆలస్యమైన స్త్రీలు మొదటి శాఖలో ఇంచుమించుగా అందరును మరణించుచుండిరి. వారి శిశువులు, మగవారైనను ఆడువారైనను, అదే వ్యాధితో మరణించుచుండిరి. శిశువుల శవములను పరీక్షించినప్పుడు తల్లుల శరీరములలో కానవచ్చిన మార్పులే కనబడెను. భయమువలన జ్వరము వచ్చుననువారు, ఏమియు నెరుగని పసికందు దేనికి భయపడెనో చెప్పలేకపోయిరి. ఇన్ని తెలిసినను అసలు కారణము మాత్రము దొరకలేదు.

1847వ సంవత్సరము మార్చి నెలలో అతడు మనోవిశ్రాంతికై మిత్రులతో వెనిస్ నగరమునకు పోయెను. తిరిగి వచ్చునప్పటికి ఒక దుర్వార్త వేచియుండెను. అతడు మిక్కిలి గౌరవించు కొల్లెచ్కా యను ఆచార్యుడు మార్చి 13వ తేదీన మరణించెను. శవపరీక్ష జరుగుచుండగా ఒక విద్యార్థి చేతిలోని కత్తి ఆచార్యుని వ్రేలికి గ్రుచ్చుకొనెను. చిన్న గాయమే. కాని అది విషమించి, జ్వరము తీవ్రమై, కొన్ని దినములలోనే అతని ప్రాణములను గొనెను. సెమ్మెల్‌వైస్ దుఃఖమును దిగమ్రింగుకొని ఆ శవపరీక్ష నివేదికను చదివెను. చదివి నివ్వెరపోయెను. పొట్టలోని పొరల వాపు, ఊపిరితిత్తులపై పొరల వాపు, మెదడు పొరల వాపు, రక్తనాళములలో చీము: అన్నియు సూతికాజ్వరమున మరణించిన తల్లులయందు, శిశువులయందు తాను అనేక పర్యాయములు చూచినవే!

అంతట అతని మనస్సునకు మెరుపు మెరసినట్లయ్యెను. కొల్లెచ్కా పురుషుడు, అతనికి సూతికాజ్వరమేమి? ఈ రెండు వ్యాధులును ఒకటియే కావలెను. కొల్లెచ్కా రక్తములోనికి శవములోని విషపదార్థమును కత్తి ప్రవేశపెట్టెను. మరి తల్లుల శరీరములోనికి దానిని ప్రవేశపెట్టిన దెవరు? సమాధానము భయంకరమైనది. వైద్యులును విద్యార్థులును ప్రతిదినము ఉదయమున శవములను కోసి పరీక్షింతురు. అక్కడినుండి సరాసరి మొదటి శాఖకు వచ్చి అవే చేతులతో గర్భిణులను పరీక్షింతురు. సబ్బుతో కడుగుకొనినను శవపు వాసన చేతులను విడువదు. వాసన యున్నదనగా ఆ పదార్థము కొంత అంటియున్నట్లే. రెండవ శాఖలోని మంత్రసానులు శవములను తాకరు. త్రోవలో ప్రసవించిన స్త్రీని ఎవ్వరును పరీక్షింపరు. నొప్పులు ఆలస్యమైన స్త్రీని పెక్కుమంది విద్యార్థులు మరల మరల పరీక్షింతురు. 1823లో పెరిగినది శవపరీక్షాభ్యాసమే. ఒక్క తాళపుచెవితో అన్ని తలుపులును తెరచుకొనెను.

అట్లయిన చేతులనుండి ఆ పదార్థమును పోగొట్టవలెను. వాసనను హరించు ద్రవ్యములకై వెదకి అతడు క్లోరిను ద్రావణమును ఎన్నుకొనెను. పిమ్మట చవుకగా దొరకునట్టి క్లోరిను కలిసిన సున్నమును, అనగా మనము బ్లీచింగు పౌడరని పిలుచుదానిని, నీటిలో కలిపి వాడించెను. 1847 మే నెల నడుమ నుండి, శవపరీక్షాశాల నుండి వచ్చిన ప్రతివాడును ఆ నీటిలో చేతులను తోముకొనిన పిమ్మటనే పురిటిగదిలో అడుగిడవలెనని శాసించెను. ద్వారము కడ తొట్టిని ఉంచెను. చర్మము మండునని, చేతులు బిరుసెక్కునని పలువురు సణిగిరి. అతడు తొట్టి కడ నిలిచి స్వయముగా చూచుచుండెను. కడుగుకొననివానిని లోనికి పోనీయలేదు.

ఫలితము వెంటనే కనబడెను. ఏప్రిల్ మాసమున 312 ప్రసవములకు 57 మరణములు కలిగెను. జూన్ మాసమున 268 ప్రసవములకు 6, జులైలో 250 ప్రసవములకు 3, ఆగస్టులో 264 ప్రసవములకు 5 మరణములు మాత్రమే కలిగెను. 1848వ సంవత్సరమంతయు లెక్కింపగా 3,556 మంది తల్లులలో 45 మంది మరణించిరి. ఆ యేట మార్చి, ఆగస్టు మాసములలో ఒక్క తల్లియైనను మరణింపలేదు. మృత్యుద్వారమని పేరుపడిన శాఖ రెండవ శాఖతో సమానమయ్యెను.

అయినను ఆ విజయము సెమ్మెల్‌వైసునకు కేవలము సంతోషమును కలిగింపలేదు. ఇతరులకంటె శ్రద్ధగా శవపరీక్షలు చేసినవాడు తానే. వ్యాధి మూలమును కనుగొనవలెనను ఆశతో ప్రతి ఉదయమును ఆ గదిలో గడపి, పిమ్మట గర్భిణుల కడకు పోయినవాడు తానే. తన చేతులమీదుగా ఎందరు తల్లులు అకాలముగా మరణించిరో భగవంతునికే యెరుకయని అతడు మిక్కిలి పరితపించెను. సామాన్యుడు ఇట్టి సత్యమును తనలోనే దాచుకొనును. సెమ్మెల్‌వైస్ దానిని దాచలేదు; అనంతర కాలమున తన గ్రంథమునందు స్పష్టముగా ఒప్పుకొనెను. ఆ ఒప్పుకోలు ఎంత బాధాకరమైనను, దానిని మూసిపెట్టుట ఇంకను ఎక్కువమంది ప్రాణములను తీయునని అతడు ఎరిగెను.

1847 అక్టోబరులో మరియొక పాఠము అతనికి లభించెను. ప్రసవశాలలో మొదటి పడకపై నున్న స్త్రీకి గర్భాశయమున పుండు కలదు. వైద్యులు ఆమెను ముందుగా పరీక్షించి, చేతులను సబ్బుతో మాత్రమే కడుగుకొని తక్కినవారిని పరీక్షించిరి. ఆ పన్నెండుగురిలో పదకొండుగురు మరణించిరి. శవమునుండియే గాక, పుండు గల జీవించియున్న మనిషినుండియు విషము వ్యాపించునని దీనివలన తేలెను. అప్పటినుండి శవపరీక్ష తరువాతనే గాక, ఒక స్త్రీని పరీక్షించి మరియొక స్త్రీ కడకు పోవుటకు ముందును చేతులు శుభ్రము చేసికొనవలెనని అతడు నియమించెను. చీము కారు వ్రణము గలవారిని వేరుగా నుంచెను.

ఇంత ప్రత్యక్షప్రమాణము ఉన్నను లోకము ఆ సత్యమును వెంటనే స్వీకరింపలేదు. ఇందుకు కారణములు అనేకములు. సూక్ష్మజీవులు వ్యాధులను కలిగించునని ఆనాటికి రుజువు కాలేదు. కంటికి కనబడని పదార్థము ప్రాణము తీయుననుట పెద్దలకు వింతగా తోచెను. పైగా ఈ మాటను ఒప్పుకొన్నచో తమ చేతులే రోగులను చంపెనని ఒప్పుకొనవలెను. గౌరవనీయులైన వైద్యులకు అది దుస్సహమయ్యెను. సెమ్మెల్‌వైస్ వైపునను ఒక లోపము కలదు. అతనికి రచనయందు ఆసక్తి లేదు. తన పరిశోధనను తానై ప్రకటింపక చాలకాలము జాగు చేసెను. మిత్రుడు హెబ్రా 1847 డిసెంబరులోను, మరుసటి యేడును అతని తరపున పత్రికలో వ్రాసి, దానిని మశూచికి టీకా కనిపెట్టిన జెన్నర్ కృషితో పోల్చెను. స్కోడా ఒక ఉపన్యాసమునందు దానిని సమర్థించెను. కాని పరులు చెప్పినందున విషయము పూర్తిగా అర్థము కాలేదు. విన్నవారిలో పలువురు అది శవములకు మాత్రమే సంబంధించినదని పొరపడిరి.

ఆచార్య క్లైనునకు సెమ్మెల్‌వైస్‌పై మంచి అభిప్రాయము లేదు. 1849 మార్చిలో అతని ఉద్యోగకాలము ముగియగా దానిని పొడిగించుటకు క్లైన్ అంగీకరింపలేదు. 1850 మే నెలలో సెమ్మెల్‌వైస్ ఎట్టకేలకు వియన్నా వైద్యసంఘమున ప్రసంగించెను. ఆ యేడు అక్టోబరులో అతనికి ఉపన్యాసకుని పదవి లభించెను గాని, తోలుబొమ్మపై మాత్రమే బోధింపవలెనని నిబంధన విధింపబడెను. ఇది అతనికి దుర్భరమైన అవమానముగా తోచెను. తన కొరకు పోరాడిన మిత్రులకైనను చెప్పక అయిదు దినములలో వియన్నాను విడిచి స్వదేశమునకు పోయెను. ఆ తొందరపాటువలన అతడు గొప్ప మిత్రులను దూరము చేసికొనెను.

పెస్ట్ నగరమున సెయింట్ రోకస్ ఆసుపత్రిలో సూతికాజ్వరము విజృంభించి యుండెను. 1851 మే నెలలో అతడు జీతము లేకయే ఆ ప్రసూతి విభాగమున అధికారబాధ్యతను స్వీకరించెను. అక్కడ ఆరేండ్లలో 933 ప్రసవములకు ఎనిమిదిమంది మాత్రమే ఆ జ్వరముచే మరణించిరి. 1855లో అతడు పెస్ట్ విశ్వవిద్యాలయమున ప్రసూతిశాస్త్రాచార్యుడయ్యెను. అచ్చటను పోరు తప్పలేదు. సరిగా ఉతుకని దుప్పట్లు వ్యాధికి కారణమగుచుండుట చూచి, శుభ్రమైన వస్త్రములకై అధికారులతో వాదులాడవలసి వచ్చెను. 1857లో అతడు మరియా వైడెన్‌హోఫర్ అను యువతిని వివాహమాడెను. వారికి అయిదుగురు సంతానము కలిగిరి. అందు ఇద్దరు పసితనముననే పోయిరి. బిడ్డను కోల్పోయిన యింటి శోకము అతనికి పుస్తకములవలన తెలిసినది కాదు.

తుదకు 1861లో సూతికాజ్వరమునకు కారణమును, స్వభావమును, నివారణను వివరించు గొప్ప గ్రంథమును జర్మను భాషలో ప్రకటించెను. అందు లెక్కల పట్టికలు మెండు. ప్రతిపక్షులపై ఆగ్రహమును మెండే. వ్యాధి చాలవరకు బయటినుండి, అనగా చేతులు, పరికరములు, వస్త్రములనుండి వచ్చుననియు, అరుదుగా మాత్రము తల్లి శరీరమునందే ఆ విషము పుట్టుననియు, ఈ రెండవదానిని ఎల్లప్పుడు వారించుట సాధ్యము కాదనియు అతడు అందు వివరించెను. బెర్లిను నగరపు విర్కో వంటి మహాశాస్త్రజ్ఞులు కూడ అతనిని సమర్థింపలేదు. అంతట సెమ్మెల్‌వైస్ సహనమును కోల్పోయి, ప్రసిద్ధులైన ఆచార్యులకు బహిరంగలేఖలు వ్రాసి, చేతులు కడుగనివారు హంతకులని నిందించెను. అతని ఆవేదన న్యాయమైనదే. కాని పరుషవాక్యము సత్యమునకు మిత్రులను చేకూర్చదు. లేఖలు చదివినవారు కోపమును చూచిరి గాని లెక్కలను చూడలేదు.

క్రమముగా అతని మనస్సు చెదరెను. మరపు, చిరాకు, అసంబద్ధప్రవర్తన కానవచ్చెను. 1865 జులై మాసాంతమున కుటుంబమువారు అతనిని వియన్నాకు తోడ్కొనిపోయిరి. పాతమిత్రుడు హెబ్రా రైలుస్టేషనులో కలిసికొని, ఒక మానసిక చికిత్సాలయమునకు చేర్చెను. అక్కడి కావలివారు అతనిని బలవంతముగా నిర్బంధించిరి. అతని దేహమున గాయములయ్యెను. చేతి వ్రేలి పుండు కుళ్లి విషము రక్తములోనికి ఎక్కెను. 1865 ఆగస్టు 13వ తేదీన సెమ్మెల్‌వైస్ మరణించెను. అప్పటికి అతని వయస్సు 47 ఏండ్లు. కొల్లెచ్కాను, వేలకొలది తల్లులను బలిగొన్న ఆ రక్తవిషమే, జీవితమంతయు దానితో పోరాడిన అతనిని బలిగొనెను.

విధి విలాసము విచిత్రమైనది. అతడు మరణించుటకు ముందటి దినమున, ఆగస్టు 12వ తేదీన, స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరములో జోసెఫ్ లిస్టర్ అను శస్త్రవైద్యుడు కాలు విరిగిన ఒక బాలుని గాయమునకు కార్బాలికామ్లమును పూసి కట్టు కట్టెను. గాయము చీము పట్టక మానెను. చీముపట్టుటకు సూక్ష్మజీవులే కారణమని నమ్మిన లిస్టర్ పద్ధతి క్రమముగా లోకమంతట వ్యాపించెను. 1879లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాశ్చర్ సూతికాజ్వరపీడితుల శరీరములలో గొలుసులవలె కూడియుండు సూక్ష్మజీవులను చూపెను. వానికి స్ట్రెప్టోకోకస్ అని పేరు. సెమ్మెల్‌వైస్ ముక్కుతో వాసన పట్టిన శత్రువును అప్పుడు కంటితో చూడగలిగిరి.

చేతుల శుభ్రత బయటి శత్రువును ఆపెను. తల్లి శరీరమునందే దాగియున్న శత్రువును ఆపుటకు వేరొక ఆయుధము కావలసి వచ్చెను. 1935లో జర్మనీలో డోమాక్ ప్రాంటోసిల్ అను సల్ఫా మందు గుణమును ప్రకటించెను. 1936లో లండనులోని క్వీన్ షార్లెట్ ఆసుపత్రిలో కోల్‌బ్రుక్ దానిని సూతికాజ్వర రోగులకు ఇచ్చి అనేకులను బ్రతికించెను. ఫ్లెమింగ్ 1928లో కనుగొనిన పెన్సిలిన్ 1940ల నుండి వాడుకలోనికి వచ్చెను.

అటుపిమ్మట వైద్యుల దృష్టి శిశువులపై నిలిచెను. గ్రూప్ బి స్ట్రెప్టోకోకస్ అను సూక్ష్మజీవి పలువురు గర్భిణుల శరీరమున వారికి హాని చేయక నివసించును. ప్రసవసమయమున అది శిశువునకు సోకినచో రక్తమునకు విషమెక్కుట, ఊపిరితిత్తుల వాపు, మెదడు పొరల వాపు కలుగును. 1970ల నాటికి అమెరికాలో నవజాతశిశువుల మరణమునకు ఇది ఒక ముఖ్యకారణమయ్యెను. నొప్పులు పడుచుండగనే తల్లి రక్తనాళములోనికి యాంటీబయాటిక్ మందు నెక్కించినచో అది శిశువునకు రక్షణ నొసగునని చికాగో నగర వైద్యులు 1986లో నిరూపించిరి. ప్రసవమునకు కనీసము నాలుగు గంటల ముందుగా మందు ఎక్కించుట మేలు. ఈ పద్ధతి 1996 నుండి అమెరికా దేశమంతట వ్యాపించెను. 1990ల తొలినాళ్లలో అచ్చట పుట్టిన వేయి శిశువులలో ఇంచుమించు ఇద్దరికి మొదటి వారమున ఈ వ్యాధి సోకుచుండగా, 2015 నాటికి అది నాలుగువేలమందికి ఒకరిలోపునకు తగ్గెను. తల్లి వ్యాధియు శిశువు వ్యాధియు ఒక్కటేయని, ప్రసవపు గంటలే గండమని సెమ్మెల్‌వైస్ గమనించిన విషయమే ఈ చికిత్సకు పునాది వంటిది. అయితే మందు వచ్చెను గదా యని చేతులు కడుగుట మానరాదు. మందు చేయు పని వేరు, శుభ్రత చేయు పని వేరు.

నేడు బుడాపెస్ట్ నగరమున అతడు జన్మించిన గృహము వైద్యచరిత్ర ప్రదర్శనశాలగా నున్నది. అచ్చటి వైద్యవిశ్వవిద్యాలయమునకు 1969లో అతని పేరు పెట్టబడెను. లోకము అతనిని తల్లుల రక్షకుడని కొనియాడుచున్నది. కాని అతనికి నిజమైన స్మారకచిహ్నము రాతితో కట్టినది కాదు. ఏ యూరిలోనైనను, ఏ చిన్న ఆసుపత్రిలోనైనను, పురిటిగదిలో ప్రవేశించుటకు ముందు వైద్యుడో నర్సో కొళాయి కడ నిలిచి ఓపికతో చేతులు తోముకొనునప్పుడు సెమ్మెల్‌వైస్ కృషి అచ్చట సజీవమై నిలుచును. తన తప్పును తాను చూడగల ధైర్యము, చూచినదానిని లెక్కగట్టి నిరూపించు ఓర్పు, నిరూపించినదానిని లోకహితమునకై చాటు పట్టుదల: ఈ మూడును కలిసినప్పుడు ఒక తొట్టెడు నీరు కూడ వేలమంది ప్రాణములను కాపాడగలదని అతని జీవితము మనకు బోధించుచున్నది.